చైనా ఛత్రీ

మైనం పూసిన దారాన్ని సూదికి ఎక్కించి, నల్ల గొడుగు గుడ్డను పుల్ల కొసకు బిగించి కుట్టాడు ఎల్లయ్య. లాల్‌దర్వాజా సందులో మూతపడ్డ కిరాణా కొట్టు అరుగే అతని దుకాణం. పొద్దున్నుంచి వచ్చింది ఆ ఒక్క గొడుగే. శ్రావణమాసపు ముసుర్లో గొడుగులు బాగుచేసేవాడు ఈగలు తోలుకోవడమంటే పెళ్లినాడు పురోహితుడు పస్తుండటమే.

విదేశీ సరుకుకు సర్కారు తలుపులు బార్లా తెరిచాక, రెండేళ్లలో చార్మినార్ చుట్టూ చైనా ఛత్రీలు కుప్పలు పడ్డాయి. విరిగితే పారేసి కొత్తది కొంటున్నారు జనం. సైదాబాద్ అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ పని చూసిపెట్టాడు బావమరిది బాలకిషన్. సాయంత్రానికల్లా ఔనో కాదో చెప్పాలి. గేటు దగ్గర చేతులు ముడుచుకుని కూర్చోవడం తలుచుకుంటేనే ఎల్లయ్యకు ఒళ్లు మండుతుంది. ఇంట్లో అడుగంటిన బియ్యం డబ్బా గుర్తొస్తే ఆ మంట కాస్తా చల్లారుతుంది.

మధ్యాహ్నం, ఎదురింటి మేడ మీద అద్దెకుండే కామేశ్వరమ్మగారు మడతల ఛత్రీ ఒకటి తెచ్చారు.

“మీట నొక్కితే తెరుచుకోవట్లేదు ఎల్లయ్యా. బాగవకపోతే నువ్వే ఉంచేసుకో. నీ కూలికి కొత్తదే వస్తోందట!”

అలాంటివాటిని ఇన్నాళ్లూ ముట్టుకోకుండా తిప్పి పంపేవాడు. పంతం. ఇవాళ ఎందుకో చెయ్యి ఊరుకోలేదు. తిప్పి తిప్పి చూశాడు. ఒక్క స్క్రూ లేదు, అన్నీ దిగగొట్టిన రివిట్లే.

“విప్పొద్దనే చేసిండ్రు,” అని గొణుక్కున్నాడు. పాత గొడుగులు చేసినవాళ్లు బాగుచేసేవాడికంటూ ఎక్కడో ఒక సందు వదిలేవారు. దీన్ని చేసినవాడికి, ఎల్లయ్య అనేవాడొకడు ఉంటాడనే తోచలేదు.

రివిటు ఊడగొట్టగానే స్ప్రింగు ఎగిరి సందు అవతల పడింది. చాయ్ కొట్టు మల్లన్న పడీ పడీ నవ్వాడు. ఎల్లయ్య నవ్వలేదు. గొట్టంలో గొట్టం, అందులో మరో గొట్టం, నడుమ తెగిన తాడు.

“వారెవ్వా! ఎవడో గని ఉస్తాద్, మల్లన్నా! చెయ్యి మస్తుగుంది.”

తన కూడు లాక్కున్నవాడి మీద కోపం రాకపోగా, వాడి పక్కన కూర్చుని పని నేర్చుకోవాలనిపించింది. అన్నం సంగతే మరిచాడు. తన దారాన్నే మూడు పేటలు పేని తాడు బదులు కట్టాడు. మీట నొక్కాడు. టప్పున విచ్చుకుంది!

ఎంత నొక్కినా మూసుకోవడం మాత్రం లేదు. అంతలో బాలకిషన్ వచ్చాడు.

“ఏమంటవ్ బావా? ఇయాల్టి నుంచే డ్యూటీ. లేకుంటే ఇంకోనికి ఇస్తరు.”

“ఒక్క రోజు ఆగమను. ఇదెట్ల మూసుకుంటదో చూసి వస్త.”

“ఛత్రీ కోసమని నౌకరీ ఆగుతదా ఏంది?”

ఎల్లయ్య ఇంకోసారి మీట నొక్కి చూశాడు.

“నడువ్,” అన్నాడు చివరికి.

తెరిచిన ఛత్రీ సిటీ బస్సులో పట్టదు. విరిచి మూయడానికి మనసొప్పలేదు. గాలికి పోకుండా కొట్టు గొళ్లేనికి దారంతో కట్టి, పనిముట్ల సంచి భుజాన వేసుకుని బావమరిది వెంట నడిచాడు.

రాత్రంతా వాన దంచికొట్టింది. తెల్లారి పొయ్యి రాజేస్తూ మల్లన్న అటు చూశాడు. అరుగంతా నీళ్లోడుతోంది, ఛత్రీ కింద మాత్రం ఒక మనిషి కూర్చునేంత మేర పొడిగా ఉంది.