గొయ్యి చూపని చెయ్యి

మొదలుపెట్టిన పనేదీ పూర్తి చేసిన పాపాన పోలేదు బావ. ఈత మెడలోతు నీళ్ళ దగ్గర ఆగిపోయింది, వేణువు రెండు పాఠాలకే మూలన పడింది. ఒక్క కట్టుడు పళ్ళు చేయడంలో మాత్రం ఆయన చేతికి తిరుగులేదు. అలాంటి మనిషి రెండు వందల కిలోమీటర్ల సైకిల్ సవారీకి పేరిచ్చానని చెబితే భార్య కూరగాయలు తరుగుతూ తలైనా ఎత్తలేదు.

"సగం దారిలో ఫోన్ చెయ్యండి, బండి పంపిస్తా" అంది.

ఆ మాట గుచ్చుకుంది. ఈసారి చచ్చినా సరే పూర్తి చేయాల్సిందేనని పంతం పట్టాడు. తోడుంటానని ఆమె తమ్ముడు ముందుకొచ్చాడు. నెలల తరబడి తెల్లవారకముందే లేపి, తిట్టి, బుజ్జగించి ఆ బొజ్జను సైకిలెక్కించింది అతనే. గుంపులో తొక్కే పద్ధతీ నేర్పాడు. ఎదురుగాలి తగలకుండా వెనకవాడు ముందువాడి చక్రాన్ని అంటిపెట్టుకుని తొక్కుతాడు. వాడికి ముందువాడి వీపు తప్ప రోడ్డు కనబడదు. కాబట్టి గొయ్యి కనబడగానే ముందువాడు చెయ్యి కిందికి చాచి చూపించాలి.

"నువ్వు చెయ్యి చూపిస్తే నేను కళ్ళు మూసుకుని తొక్కేస్తా బావా" అనేవాడు. "నా పళ్ళు నీ బల్ల మీదికి రాకుండా చూసే పూచీ నీదే."

ఆ రోజు దారంతా ఎదురుగాలి. సగానికి పైగా బావమరిదే ముందుండి తొక్కాడు. చివరి మెట్ట దిగేసరికి అతని కాళ్ళు పట్టేశాయి.

"ఇక నువ్వు ముందుండు బావా. టైమైపోతోంది."

పొద్దు గుంకేలోగా ముగింపు గేటు దాటకపోతే అంత తొక్కుడూ బూడిదలో పోసిన పన్నీరే. బావ ముందుకొచ్చాడు. అరచేతులు తిమ్మిరెక్కాయి, హ్యాండిల్ వదిలితే పడిపోతానని భయం. గొయ్యి కనబడింది. తను తప్పుకున్నాడు. చెయ్యి మాత్రం లేవలేదు.

వెనక చప్పుడైంది. ముందు ఇనుము, ఆ తర్వాత మెత్తగా ఇంకేదో. చైన్ ఊడి ఉంటుందిలే అని తనకు తాను చెప్పుకున్నాడు, నమ్మలేదు. ఆగితే గేటు మూసేస్తారు. ఆగలేదు.

గేటు దగ్గర మెడలో పతకం వేసి చప్పట్లు కొట్టారు. భార్య పరుగున వచ్చింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన్ని చూసి ఆమె గర్వపడింది ఆ ఒక్కసారే. తర్వాత ఆయన వెనక్కి చూసింది.

"తమ్ముడేడీ?"

"వస్తున్నాడు" అన్నాడు బావ.

దారినపోయేవాళ్ళెవరో అతన్ని ఆస్పత్రిలో చేర్చారు. దవడ విరిగింది, పై పళ్ళు రాలిపోయాయి, ఎడమ కన్ను పోయింది. నోరు కదలకుండా తీగలతో బిగించారు. అక్క మంచం కోడు పట్టుకుని ఏడ్చింది.

"బావ చెయ్యి చూపించలేదుట్రా?"

తమ్ముడు మిగిలిన కంటితో బావని చూశాడు. తర్వాత చెయ్యెత్తి, కిందికి చాచి, గొయ్యి చూపించే సైగ చేశాడు. చూపించాడని.

"చూసుకోవద్దూ వెధవా!" అని అక్క ఏడుస్తూనే తమ్ముణ్ణి తిట్టింది. బావ సిగ్గుతో చచ్చిపోయాడు, హమ్మయ్య అని ఊపిరీ పీల్చుకున్నాడు. రెండూ నిజమే.

తీగలు విప్పాక, పళ్ళు తనే చేస్తానన్నాడు. అంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఎప్పుడూ పని చేయలేదు. అచ్చు తీసి, గులాబీ రంగు మైనంలో ఒక్కొక్క పన్నూ కూర్చి, పాత పెళ్ళి ఫొటోలోని అతని నవ్వు చూసి, ముందు పళ్ళ మధ్య ఆ సన్నటి సందు కూడా వదిలాడు. పతకం పనిగది గోడకే వేలాడుతోంది. తగిలించింది భార్య.

బావమరిది వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పళ్ళు చక్కగా అమరాయి.

"ఏదైనా మాట్లాడు, చూద్దాం" అన్నాడు బావ.

అతను నాలుకతో పళ్ళు తడుముకున్నాడు.

"చప్పుడు వినిపించిందా బావా?"

మాట ఎక్కడా తడబడలేదు. పని అంత బాగా కుదిరింది.

"వినిపించింది."

"చెయ్యి లేవలేదంటే అర్థం చేసుకోగలను. అలిసిపోతే నాకూ లేవదు." పళ్ళు ఊడదీసి బల్ల మీద పెట్టాడు. ఆ తర్వాతి మాటలు బోసిగా వచ్చాయి. "అక్కకి చెప్పన్లే. పళ్ళు ఇంకెక్కడైనా కట్టించుకుంటా."

లేచి వెళ్ళబోయాడు. గుమ్మం ముందు మెట్టుంది. బావ గబుక్కున అతని ఎడమ పక్కకు వచ్చి, చెయ్యి కిందికి చాచి చూపించాడు.

ఆ వైపు అతనికి కన్ను లేదు. కాలితో తడుముకుంటూ తనే దిగి వెళ్ళిపోయాడు.