అమ్మేసిన కారు

"ఈ తిండిపోతుకి పెట్రోలు పోయలేక చస్తున్నా" అని మా ఆయన కారుని ఒక టాక్సీ డ్రైవరుకి అమ్మేసి, ఎలక్ట్రిక్ బండి కొన్నారు. ఛార్జింగుకి ఖర్చే లేదని కనిపించినవాళ్ళందరికీ ఒకటే ఊదర. నిజమే, ఖర్చు లేదు. కానీ నాలుగు చినుకులు పడితే చాలు, బండి మొండికేస్తుంది.

ఇవాళ నేను ఆసుపత్రిలో డ్యూటీ ఎక్కాల్సిన వేళకి నడిరోడ్డు మీద ఆగిపోయింది. తడుస్తూనే దాన్ని పక్కకి తోసి, ఆయన ఫోన్ తీశారు. కాసేపటికి మా పాత కారే వచ్చి ముందు నిలబడింది.

నాకు ఒళ్ళు మండింది. "ఇన్ని టాక్సీలుండగా ప్రతిసారీ ఇతన్నే ఎందుకు పిలుస్తారండీ?"

ఆయన వెనక సీట్లో హాయిగా చేరగిలబడ్డారు.

"ఇదైతే దారిలో ఆగదే. నాకు తెలుసుగా!"