తిప్పుకున్న ముఖం

కాగిన గిన్నెను పట్టకారుతో పట్టుకుని ఖాజా మియా లోపల నవసాగరం పొడి చల్లాడు. తెల్లటి పొగ గుప్పుమంది. తగరం కరిగించి దూదితో గిరగిరా తిప్పేసరికి ఇత్తడి వెండిలా మెరిసింది. ఈ పనిలోనే అతని జుట్టు నెరిసింది. వేళ్లు మొద్దుబారాయి, కనుబొమ్మలు సగం కాలిపోయాయి. కొత్తకోట చుట్టుపక్కల పల్లెల్లో అతని పేరు తెలిసినవాళ్లు తక్కువ. కళాయి సాయిబంటే చాలు.

రైతు కురుమయ్య భార్య హన్మమ్మ గంగాళం తెచ్చి ముందుపెట్టి, చప్పున ముఖం పక్కకు తిప్పుకుంది. ఖాజా మియా గుండె చురుక్కుమంది. ఆ మంట అతనికి కొత్త కాదు. రోజూ ఇంటికి వెళ్లగానే భార్య మెహబూబీ కూడా ఇలాగే గోడవైపు తిరిగి కూర్చుంటుంది. తనంటే ఆమెకు అసహ్యమని ఏళ్ల కిందటే తేల్చుకున్నాడు. అప్పటినుంచి అన్నం పెట్టమనడానికి తప్ప ఆమెతో నోరు విప్పలేదు.

కానీ హన్మమ్మకు తనమీద కోపమెందుకు? ఉండబట్టలేక అడిగేశాడు.

"నిన్ను జూసి గాదు సాయిబూ. గీ పొగ గొంతుల పడితే దగ్గొస్తది. నీకు అలవాటైంది, నీకేం తెలుస్తది?"

కొలిమి తిత్తి మీద అతని చెయ్యి ఆగిపోయింది.

పని ముగించుకుని నడుస్తున్నంతసేపూ అదే ఆలోచన. అసహ్యమని మెహబూబీ చెప్పిందా? లేదు. మరెవరు చెప్పారు? వెనక్కి వెతుక్కుంటూ పోతే, నిఖా అయిన కొత్తలో తన అన్న బాబా వేళాకోళంగా చెప్పిన మాట ఒక్కటే దొరికింది. వనపర్తి అత్తరు వ్యాపారి చేసుకోవలసిన పిల్ల మసివాడి పాలబడిందన్నాడు. అందరితోపాటు తనూ నవ్వాడు. తర్వాత ఆమె మాట్లాడకపోతే ఆ మాటే గుర్తొచ్చింది. కూర చప్పగా ఉన్నా అదే. అంతకుమించి రుజువు కోసం ఎంత తడుముకున్నా ఏమీ తగల్లేదు.

అయినా మనసు ఒప్పుకోలేదు. పొగ వాసన లేకుండా వెళ్లి చూద్దామనుకుని వాగులో దిగి ఒళ్లు తోముకున్నాడు. బట్టలు బండకేసి బాది, తడివే కట్టుకుని, పనిముట్ల సంచి వాకిట్లోనే వదిలి లోపలికి వెళ్లాడు.

మెహబూబీ గోడకు ఆనుకుని ఉంది. ముఖం తిప్పుకోలేదు. ఆ ముఖం అంతగా ఎప్పుడు చిక్కిపోయిందో అతనికి తెలియదు.

"గా తడిబట్టలేంది?"

"పొగ వాసన పోవాలని. నువ్వెందుకు చెప్పలే?"

"నీ పనే గది. చెప్తే ఏం జేస్తవ్?"

అతను పక్కన కూర్చున్నాడు. ఇన్నేళ్లూ దిగమింగుకున్నది అడిగాడు. "వనపర్తి అత్తరాయన నిన్ను చేసుకుంటనన్నడట గదా?"

"ఏ అత్తరాయన?" అందామె. కాసేపు నిజంగానే గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. "నాకు తెల్వదు."

ఆమెకు దగ్గుతెర వచ్చింది. తగ్గాక అలిసిపోయి అతని భుజం మీద తలవాల్చింది. బట్టల తడి తగులుతుందని అతను లేవబోతే వద్దన్నట్టు చెయ్యి పట్టుకుంది. దీపం పెట్టే వేళకు ఆ పట్టు సడలింది. నిద్రపోయిందనుకుని అతను చాలాసేపు కదలకుండా కూర్చున్నాడు.

మర్నాడు మెహబూబీని మట్టిలో పెట్టి వచ్చాక, చుట్టాలు వెళ్లిపోయారు. నీళ్లు కాచుకుందామని ఖాజా మియా పొయ్యి దగ్గర చేరాడు. పుల్లల కోసం చెయ్యి చాపితే పొయ్యి వెనక దాచిన మట్టి మూకుడు తగిలింది. దానినిండా పొరలుపొరలుగా బూడిద. కింది పొరల్లో నల్లగా ఎండిన రక్తపు కఫం. అన్నిటికన్నా పైన, ఎవరికీ కనపడకుండా కొత్తగా చల్లిన తెల్లటి బూడిద.