గీత దాకా మూగనీళ్ళు

“కెటిల్‌లో నీళ్ళు బాగా మరిగించి చల్లార్చారనుకోండి. అవి మూగనీళ్ళు అవుతాయా, అవవా?”

అమ్మమ్మ ఇస్త్రీపెట్టె నిలబెట్టి అడిగింది. మనవరాలు “అవుతాయి” అంది. అక్క ఏదంటే దానికి అడ్డం చెప్పడం మనవడికి అలవాటు కాబట్టి “అవవు” అన్నాడు.

“వాడికి సగం మార్కులు. జవాబు చెప్పాడు, కారణం చెప్పలేదు” అంటూ అమ్మమ్మ చొక్కాని పక్కకి జరిపి కూర్చుంది. “మరిగేటప్పుడు పైకి లేచేది ఆవిరి. అడుగున మిగిలేవి ఉప్పూ, సున్నమూ, ఆ నీళ్ళు దారి పొడుగునా విన్న మాటలూ. పైకి లేచిన ఆవిరిని పట్టి చల్లారిస్తే వచ్చేవే మూగనీళ్ళు. కెటిల్‌లో మిగిలినవి మరింత వాగుడు నీళ్ళు. ఇదంతా తెలిసిన ఒక సైన్సు టీచరమ్మ ఏం చేసిందో వినండి.”

ఆ టీచరమ్మ భర్తని అందరూ గొంతాయన అనేవారు. ముప్పై నాలుగేళ్ళు రైల్వే స్టేషన్‌లో మైకు ముందు కూర్చుని, ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పిన మనిషి. ఇంటి ముందు నిలబడి కూరగాయలబ్బాయిని పిలిస్తే పక్క వీధిలో బండి కూడా ఆగేది. రిటైరైన మర్నాటి నుంచీ ఆయన మాట వినేవాళ్ళు లేకుండా పోయారు. కుక్కర్ మూడు కూతలు కూస్తే “దయచేసి గమనించండి, అన్నం వచ్చింది” అనేవాడు. టీచరమ్మ నవ్వేది. ఆ నవ్వు అయిపోయాక ఆయన మొహం చూడలేకపోయేది.

అలాంటి మనిషికి పరాయి దేశం నుంచి పిలుపు వచ్చింది. అక్కడ లిఫ్టులు తయారుచేసే కంపెనీ ఒకటి మన ఊళ్ళలోకి రాబోతోంది. లిఫ్టులో మన మాటలు పలికే గొంతు కావాలి. “తలుపులు మూసుకుంటున్నాయి”, “మూడో అంతస్తు”, “దయచేసి దూరంగా నిలబడండి”. మొత్తం నలభై వాక్యాలు. భార్యాభర్తలిద్దరికీ టిక్కెట్లు పంపారు.

ఆయనకో జబ్బు ఉండేది. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చేది. అందుకని పడుకునేటప్పుడు ముక్కుకి మాస్కు పెట్టుకుంటే గొట్టంలోంచి గాలి ఊదే యంత్రం ఒకటి ఇచ్చారు. దాన్ని సీపాప్ అంటారు. దాని పక్కన నీళ్ళ డబ్బా ఉంటుంది. నీళ్ళు వేడెక్కి, గాలికి చెమ్మ అందుతుంది. చెమ్మ లేకపోతే తెల్లారేసరికి గొంతు గరుకు కాగితమే.

“డబ్బాలో గీత దాకా మూగనీళ్ళే పొయ్యండి” అని డాక్టరు ముందే చెప్పాడు. “కుళాయి నీళ్ళు పోస్తే డబ్బాకి సున్నం కడుతుంది. పైగా ఆ నీళ్ళు విన్నవన్నీ ఈయన గొంతులోకి దిగుతాయి.”

అది నిజమే. ఒకసారి ఇంట్లో మూగనీళ్ళు నిండుకుంటే టీచరమ్మ కుళాయి నీళ్ళు పోసింది. మర్నాడు మధ్యాహ్నం దాకా ఆయన పలికిన ప్రతి మాటలోనూ పై వాటా ఆవిడ మోటారు గురించి వేసుకున్న తగువు వినిపించింది. ఆవిడే కిందికొచ్చి, “అన్నయ్యగారూ, నా గొంతు నాకిచ్చెయ్యండి” అని వేళాకోళం ఆడింది.

అందుకే పరాయి దేశానికి రెండు లీటర్ల డబ్బా తువ్వాళ్ళలో చుట్టి, పెట్టెలో సర్ది పట్టుకెళ్ళారు. ఒక ముసలావిడ ఇంట్లో రెండు గదులూ, వంటిల్లూ అద్దెకి తీసుకున్నారు.

శుక్రవారం మొదటి రికార్డింగు. కంపెనీ పెద్దాయనకి మన భాష ఒక్క ముక్క రాదు. అయినా నలభై వాక్యాలూ విని తల అడ్డంగా ఊపాడు.

“గొంతు బాగుంది. కానీ తలుపులు మూసుకుంటున్నట్టు లేదు, ఈయనే మొహం మీద మూసేస్తున్నట్టుంది. సోమవారం ఇంకోసారి చూద్దాం. కుదరకపోతే వేరేవాళ్ళని పిలుస్తాం.”

గొంతాయన ఆ మాటకి నవ్వేశాడు గానీ, గదికొచ్చాక అన్నం సరిగ్గా తినలేదు. శనివారం పొద్దుణ్ణుంచీ మెట్ల మీద నిలబడి “దయచేసి, దయచేసి” అని సాధన మొదలుపెట్టాడు.

టీచరమ్మ ఆ సాయంత్రం, సోమవారం కట్టుకోడానికి ముదురు నీలం సిల్కు చీర తీసింది. పెట్టెలో ఉండి ఉండి అప్పడంలా నలిగిపోయింది. ముసలావిడ ఇస్త్రీపెట్టె ఆవిరిది. కుళాయి నీళ్ళు పోస్తే తెల్లటి మరకలు పడతాయి. మూగనీళ్ళ డబ్బాలో సగానికి తక్కువే ఉన్నాయి. కాసిని పోసింది. కొంగు దగ్గర ఇంకా ముడత ఉంది. ఇంకాసిని పోసింది. నిన్న రికార్డింగు జరిగిన అద్దాల గదిలో అంతమంది ముందు నలిగిన చీరతో కూర్చున్న సంగతి గుర్తొచ్చి ఇంకాసిని. చీర అద్దంలా వచ్చింది. డబ్బా దులిపితే చుక్క రాలేదు.

‘పోనీలే, రేపు కొనొచ్చు’ అనుకుంది. రేపు ఆదివారమని, అక్కడ దుకాణాలు మూసేస్తారని తోచనే లేదు.

ఆదివారం పొద్దున గొంతాయన యంత్రం డబ్బా ఎత్తి చూశాడు. “ఏమోయ్, ఇందులో అడుగున తడి తప్ప ఏం లేదు. పెద్ద డబ్బాలో ఉన్నాయిగా?”

“ఉన్నాయిలెండి. నేను చూసుకుంటా కదా” అంది టీచరమ్మ.

ఎదురుగా చీర హ్యాంగరుకి వేలాడుతూ, ఒక్క ముడత లేకుండా ఆవిణ్ణే చూస్తోంది.

సంచీ పట్టుకుని బయటపడింది. వీధిలో తెరిచి ఉన్నవి మూడే మూడు. మొదట మందుల షాపు. అక్కడి అమ్మాయి ఇంజెక్షన్లలో కలిపే నీళ్ళ బుడ్లు ఐదు తెచ్చి బల్ల మీద పెట్టింది. శుద్ధమైనవే, గాజులో బిగించినవి. కానీ ఒక్కోదాంట్లో చెంచాడు. గీత దాకా నిండాలంటే అరవై పగలగొట్టాలి. “రేపు తెప్పిస్తాను” అంది. సెలైన్ సీసా కూడా చూపించింది. అది ఉప్పునీరు, పనికిరాదు.

తర్వాత సామాన్ల దుకాణం. ఇస్త్రీకి వాడే నీళ్ళట, గులాబీరంగు సీసా. మూత తీసి వాసన చూస్తే పూలతోట. బట్టలకైతే సరే, రాత్రంతా ఊపిరితిత్తుల్లోకి సెంటు పంపుతామా? పక్కనే తాగేనీళ్ళ సీసాలు. కొండ ఊటవట. కొండ ఎంతమంది మాటలు వినుంటుందో ఎవరికి తెలుసు.

ఆఖరికి పెట్రోలు బంకు. అక్కడి బట్టతల మనిషి లోపల్నుంచి బ్యాటరీలో పోసే నీళ్ళ క్యాను తెచ్చాడు. టీచరమ్మకి ప్రాణం లేచొచ్చింది.

“ఇవి మూగవేనా?”

“వచ్చినప్పుడు మూగవే తల్లీ. మూత తీసి వారమైంది. లారీలవాళ్ళు వచ్చి ఇక్కడే నిలబడి మాట్లాడుకుంటారు. వాళ్ళ నోళ్ళు మీకు తెలియనివా?” అంటూ ఆయనే సిగ్గుపడి క్యాను వెనక్కి తీసుకున్నాడు. “చంటిపిల్లల తల్లులకి కూడా అమ్మను, పిల్లలకి ఆ బూతులే వచ్చేస్తాయి.”

ఉత్త సంచీతో ఇంటికి నడుస్తుంటే మెట్ల మీంచి ఆయన గొంతు వీధి మొదటికే వినిపించింది. “దయచేసి దూరంగా నిలబడండి.” ఆ ‘దయచేసి’ ఒక్కోసారి ఒక్కోలా పలుకుతున్నాడు. పరీక్షకి ముందు బల్ల మీద తలవంచుకుని వల్లించే వెనకబెంచీ పిల్లాడు గుర్తొచ్చాడు. ఆ పిల్లాడి పుస్తకం తనే దాచేసినట్టు అనిపించింది.

అప్పుడు తట్టింది, తను సైన్సు టీచరని.

ముసలావిణ్ణి అడిగి పెద్ద గిన్నె తీసుకుంది. అడుగున కుళాయి నీళ్ళు పోసింది. నీళ్ళకి పైన ఉండేలా మధ్యలో స్టాండు మీద చిన్న గిన్నె పెట్టింది. పెద్ద గిన్నె మీద మూత తిరగేసి, మూతలో మంచుముక్కలు నింపింది. సన్న సెగ. ఆవిరి లేచి చల్లటి మూతకి తగిలి, చుక్కగా మారి, మూత కొస నుంచి చిన్న గిన్నెలోకి జారుతుంది. ఎనిమిదో తరగతి పిల్లలకి ఏటా చేసి చూపించిన ప్రయోగమే.

ఒక్కటే షరతు. చుక్క పడేటప్పుడు దగ్గర ఎవరూ మాట్లాడకూడదు. మూగనీళ్ళు పలకలాంటివి. ఏమీ రాసి లేదు కాబట్టే మొదటి గీత లోతుగా దిగుతుంది.

ముసలావిడకి సైగ చేస్తే, వంటింటి తలుపు దగ్గరికి వేసి తనూ నోరు మూసుకుంది. గంట గడిచింది. గిన్నెలో అరచేయంత తడి. మంచు మార్చింది. రెండు గంటలు. గొంతాయన తలుపు అవతల నిలబడి, “ఏమోయ్, వంటింట్లో ఏం చేస్తున్నావ్? టీ ఏమన్నా పెడతావా?” అన్నాడు. ఆయన మాట ఆయన గొంతులోకే దిగినా నష్టం లేదు, ఆవిడ మాత్రం పలకలేదు. “కోపమా?” అన్నాడు. పలకలేదు. “సరే, మెల్లిగా అడుగుతా. దయచేసి... టీ...” అంటూ నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ నవ్వుకి ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొంగుతో అద్దుకుంది. కన్నీళ్ళు మహా వాగుడువి, ఒక్క చుక్క పడినా అంతే సంగతులు.

మూడు గంటలు. నాలుగు. ఒక ఖాళీ సీసాలోకి వంచి చూస్తే, యంత్రం డబ్బాలో గీత దాకా సరిపోయేటన్ని వచ్చాయి. తేటగా, చప్పుడు లేకుండా.

అన్ని గంటలు బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలింది టీచరమ్మ. ఊపిరితో పాటే మాట జారింది.

“తప్పంతా నాదేనండీ. మీకెలా చెప్పను?”

సీసాలో నీళ్ళు సన్నగా ఒక్కసారి వణికి ఊరుకున్నాయి.

మళ్ళీ మొదలుపెట్టే వేళ కాదు, మంచు లేదు. ఆ నీళ్ళే యంత్రం డబ్బాలో పోసి మూత బిగించింది. మంచం దగ్గర గొంతాయన చూసి, “అబ్బ, ఎంత తేటగా ఉన్నాయి” అన్నాడు. మాస్కు పెట్టుకున్నాడు. పసిపిల్లాడిలా నిద్రపోయాడు.

సోమవారం అద్దాల గదిలో ఆయన మైకు ముందు నిలబడ్డాడు. టీచరమ్మ అద్దానికి ఇవతల నీలం చీరలో, చీర తగలబడుతున్నట్టు కూర్చుంది. ఆయన కాగితం తీశాడు.

“దయచేసి దూరంగా నిలబడండి. తలుపులు మూసుకుంటున్నాయి.”

గొంతు ఆయనదే. గంభీరమూ ఆయనదే. కానీ అడుగున ఇంకేదో ఉంది. తలుపులు మూసుకోవడం తన తప్పయినట్టూ, అందులో ఎవరి వేలైనా నలిగితే తను జన్మలో తట్టుకోలేనట్టూ. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకున్న రికార్డింగమ్మాయి మీటల మీంచి చెయ్యి తీసేసింది. కంపెనీ పెద్దాయన తెలియకుండానే రెండడుగులు వెనక్కి వేసి, దూరంగా నిలబడ్డాడు.

నలభై వాక్యాలయ్యాక, ఏ గొంతులో ఏ నీళ్ళున్నాయో చెవితోనే పట్టే ఆ అమ్మాయి టీచరమ్మ వైపు వంగి, “రాత్రి నీళ్ళు మీరే పోశారా?” అని మాత్రం అడిగింది. టీచరమ్మ తలూపింది. అమ్మాయి ఆవిడ చేతి మీద చెయ్యి వేసి తీసేసింది.

ఆ గొంతే ఖాయమైంది. ఏడాది తిరిగేసరికి ఆస్పత్రుల్లో, ఆఫీసుల్లో, అపార్టుమెంట్లలో అన్ని లిఫ్టుల్లోనూ అదే. ఆ లిఫ్టులు ఎక్కినవాళ్ళు ఎందుకో మెత్తబడేవారు. కింద తగవులాడుకుంటూ ఎక్కిన తోడికోడళ్ళు ఐదో అంతస్తులో “పోనీలే అక్కా” అనుకుంటూ దిగారు. గొంతాయన దారినపోయే ప్రతివాళ్ళకీ “అది నేనే” అని చెప్పుకునేవాడు. కంపెనీవాళ్ళు కొత్త వాక్యాలు పంపినప్పుడల్లా, “ఏమోయ్, ఆ వేళ నువ్వు తయారుచేసిన నీళ్ళే కావాలి” అనేవాడు. ఆవిడ మళ్ళీ గిన్నె పెట్టేది, మంచు నింపేది. నోరు ఎంత బిగించినా ఆఖరికి అదే మాట జారేది.

టీచరమ్మ మాత్రం లిఫ్టు ఎక్కడం మానేసింది. తన తప్పు ఊరంతా వింటుంటే తను ఎలా నిలబడుతుంది? మూడంతస్తులైనా ఆరంతస్తులైనా మెట్లే. ఆరేళ్ళు మెట్లెక్కి మోకాళ్ళు అరగ్గొట్టుకుంది.

ఆ మోకాళ్ళకే చివరికి ఆస్పత్రికి వెళ్ళాల్సి వచ్చింది. డాక్టరు నాలుగో అంతస్తు. ఆవిడ మెట్ల వైపు తిరిగితే గొంతాయన చెయ్యి పట్టుకుని లిఫ్టులోకి నడిపించాడు. ఇద్దరే ఉన్నారు. తలుపులు మూసుకుంటుంటే ఆయన గొంతుతో ఆవిడ బాధ పలికింది.

“ఏమండీ, ఆ నీళ్ళు నేను...”

“చీరకి పోశావు” అన్నాడు గొంతాయన.

ఆవిడ చప్పున ఆయన వైపు తిరిగింది.

“ఆ సోమవారం పొద్దున లేచేసరికే నాలుక మీద నీ మాట ఉంది. ‘తప్పంతా నాదేనండీ’ అని. ఎదురుగా నీలం చీర, మూల ఖాళీ డబ్బా. తెలుసుకోడానికి సైన్సు చదవక్కర్లేదు.”

“మరి ఆరేళ్ళూ ఒక్క ముక్క అనలేదేం?”

ఆయన అంతస్తుల నెంబర్లు చూస్తూ ఉండిపోయాడు. రెండు. మూడు.

“అంటే నీ బాధ పోతుంది. బాధ పోతే నీళ్ళలోకి రాదు. నీళ్ళలోకి రాకపోతే నా గొంతు మళ్ళీ పోలీసు గొంతే. నన్నెవరు పిలుస్తారు?” ఆ గొంతు, మైకు ముందు ఏనాడూ తడబడని గొంతు, సన్నగా అయిపోయింది. “నువ్వు మెట్లెక్కుతుంటే చూస్తూ ఉన్నానే. ఆ మోకాళ్ళు అరగ్గొట్టింది నేనే.”

నాలుగో అంతస్తు అని లిఫ్టులో ఆయనే చెప్పాడు. తలుపులు తెరుచుకున్నాయి. ఇద్దరూ దిగలేదు. తలుపులు మూసుకున్నాయి.

ఆ తర్వాత విమానాశ్రయాలకి గొంతు కావాలని అదే కంపెనీ పిలిచింది. ఆయన మందుల షాపులో మూగనీళ్ళ సీసా కొనుక్కుని, అవే పోసుకుని పడుకుని, వెళ్ళి చదివాడు. వేరేవాళ్ళని తీసుకున్నారు. ఇంటికొచ్చి, కుక్కర్ కూస్తే “దయచేసి గమనించండి” అన్నాడు. టీచరమ్మ నవ్వింది. నవ్వయ్యాక ఆయన మొహం చూసింది.

“అయితే ఎవరిది పెద్ద తప్పు?” అని మనవరాలు అడిగింది. “ఆవిడదా, ఆయనదా?”

“తాతదే” అన్నాడు మనవడు, ఆలోచించకుండా. అక్క వాణ్ణి మోచేత్తో పొడిచింది.

అమ్మమ్మ మోకాళ్ళ మీద చేతులు ఆనించి మెల్లిగా లేచింది. తాత చొక్కాకి ఒక చెయ్యి ఇంకా మిగిలే ఉంది. ఇస్త్రీపెట్టెలో నీళ్ళు అయిపోయాయి. మూగనీళ్ళ సీసా అందుకుని, మూత తీసే ముందు పిల్లల వైపు తిరిగి పెదాల మీద వేలు పెట్టింది.