పుర్రచేతి బంతి

తలాడించే బొమ్మలు వెయ్యి వచ్చాయి. బేస్‌బాల్ స్టేడియం గేటు దగ్గర అట్టపెట్టెలు విప్పి, లోపలికి వచ్చే ప్రతివాళ్ల చేతిలోనూ ఒక్కొక్కటి పెడుతున్నారు. వెండెల్ తన బొమ్మను అందుకుని, దాని చేతుల వంక చూశాడు. బంతి కుడిచేతిలో ఉంది.

"అమ్మాయ్, ఇది తప్పు. ఓరిన్‌ది పుర్రచెయ్యి," అన్నాడు.

"ఫొటో చూసే చేయించాం సార్," అంది బొమ్మలు పంచుతున్న బ్రియానా. "అదిగో, గోడకి కట్టాం కదా."

గోడ మీద రెండంతస్తుల ఎత్తున ఓరిన్ ట్విచెల్ వేలాడుతున్నాడు. ఒకప్పుడు ఈ జట్టుకు బంతులు విసిరి, పోయిన చలికాలంలో చనిపోయిన మనిషికి ఇరవై నాలుగేళ్ల ముఖం. టోపీ మీద జట్టు పేరులోని ఎమ్ అక్షరం, చొక్కా మీద పదకొండు. బంతి ఇక్కడా కుడిచేతిలోనే ఉంది. ఫిల్ము తిరగేసి అచ్చువేసి ఉంటారు. కానీ అద్దంలో చూసినా ఎమ్ ఎమ్మే, పదకొండు పదకొండే. ఆ ఫొటోలో అబద్ధాన్ని పట్టిచ్చేది ఏదీ లేదు.

"అది తిరగబడిన ఫొటో."

"మీరు బంతి పట్టే క్యాచర్ కదా సార్. ఎదురుగా కూచునేవాళ్లకి కుడీ ఎడమా తారుమారవుతాయేమో. మా డాన్సు టీచరు ముందు నాకు రోజూ అదే గొడవ."

వెండెల్ నవ్వాడు. లోపల మాత్రం, చీకట్లో లేని మెట్టు మీద కాలు వేసినట్టయింది.

రెండు నెలల క్రితం డాక్టరు జ్ఞాపకశక్తి పరీక్షకని కాగితం ఇచ్చి గడియారం బొమ్మ గీయమన్నాడు. వెండెల్ గీసిన గడియారంలో పన్నెండు అంకెలూ ఒక పక్కకే వచ్చి పోగుపడ్డాయి. గీస్తున్నంతసేపూ అది సరిగ్గానే ఉందనిపించింది. అతన్ని భయపెట్టింది అదే. మంగళవారం మళ్లీ వెళ్లాలి. అప్పటినుంచి రోజూ పొద్దున్నే మంచం మీద కూర్చుని, ఖాయంగా తెలిసినవాటిని ఒక్కొక్కటే తడిమి చూసుకుంటున్నాడు. చనిపోయిన భార్య హేజెల్ కళ్ల రంగు. మొదటి కారు నంబరు. ఓరిన్ ఎడమచెయ్యి. ఐదు సీజన్లు ఆ చేతిలోంచి వచ్చిన బంతులనే పట్టాడు. అదే అబద్ధమైతే మిగతా జ్ఞాపకాలు ఎవరివో.

ఓరిన్ భార్య లొరెయిన్ నీడపట్టున మెట్ల మీద కూర్చుని, బొమ్మను ఒళ్లో పెట్టుకుని హాట్‌డాగ్ తింటోంది.

"లొరెయిన్, మీ ఆయన ఏ చేత్తో విసిరేవాడు?"

"అదేం ప్రశ్న? ఫోర్కు పట్టేది కుడిచేత్తో, సంతకం పెట్టేది కుడిచేత్తో."

"విసిరేది అడుగుతున్నా."

"నేనెప్పుడు చూసి చచ్చాను! ఆయన బంతి విసిరే దిబ్బ ఎక్కితే చాలు, కళ్లు మూసుకునేదాన్ని." వేలితో బొమ్మ తల తట్టింది. "అచ్చం ఇలాగే ఉండేవాడు. ఆ గడ్డం చూడు. మొండిఘటం."

బొమ్మ అవునవునంది.

వెండెల్ ఎడమచేతి బొటనవేలు చూపించాడు. కణుపు దగ్గర అల్లంకొమ్ములా వంకర తిరిగి ఉంది. "దీన్నడుగు. కుడిచేతివాడి బంతి ఆఖర్లో నా ఎడమవైపుకి వచ్చి గ్లోవు గుంటలో పడుతుంది. పుర్రచేతివాడిది కుడివైపుకి జారి బొటనవేలు విరగ్గొడుతుంది. ఇది ఓరిన్ విరిచిన వేలు."

"కారు తలుపులో పడి నలిగిందని హేజెల్ చెప్పేది. నువ్వే వేసుకున్నావటగా! చెప్పి చెప్పి నవ్వేది."

ఆమె అలా అనగానే కారు తలుపు కనబడింది. నీలం రంగు. అంచున మంచు. లోపల హేజెల్ నవ్వు. అన్నీ స్పష్టంగా ఉన్నాయి. అవి తన తలలో ఎప్పటినుంచో ఉన్నాయో, ఇప్పుడే లొరెయిన్ మాటతో వచ్చి చేరాయో అతను తేల్చుకోలేకపోయాడు.

మైకులో వెండెల్ పేరు పిలిచారు.

ఓరిన్ గుర్తుగా ఈ రోజు తొలి బంతి ఎవరూ విసరరు. బంతి విసిరేవాడు నిలబడే మట్టిదిబ్బ ఖాళీగా ఉంటుంది. దాని మీద ఒక్క బంతి. ఎదురుగా పాత క్యాచరు తన చోట కూర్చుంటాడు. నిమిషం మౌనం.

వెండెల్ పాత గ్లోవు తొడుక్కుని, మోకాళ్లు కిర్రుమంటుండగా కూర్చున్నాడు.

"పడిపోయేలా ఉంటే చెప్పు తాతా, పట్టుకుంటా," అన్నాడు వెనక నిలబడ్డ కుర్ర అంపైరు.

"ముందు నీ బొజ్జ పట్టుకో."

మౌనం మొదలైంది. పక్కనున్న నది మీదుగా చిన్నగాలి వస్తోంది. ఒళ్లలో, రెయిలింగుల మీద, వెయ్యి తలలు ఊగుతున్నాయి. స్ప్రింగుల సన్నని కిటకిట అంత దూరం నుంచీ వినబడింది. తర్వాత గాలి పడిపోయింది. తలలు ఒక్కొక్కటే నిలిచిపోయాయి.

వెండెల్ దిబ్బ వంకే చూస్తున్నాడు. గ్లోవు కదిలింది. అతను కదపలేదు. అది కుడివైపుకి, ఆలస్యమైందన్నట్టు, విసురుగా వెళ్లింది.

తోలు ఠప్పుమంది. నొప్పి బొటనవేలి నుంచి మోచేతిదాకా పాకింది.

గ్లోవులో ఏమీ లేదు. బంతి దిబ్బమీదే ఉంది.

వెనక్కి తిరిగి చూస్తే అంపైరు కుడి పిడికిలి గాలిలో ఉంది, సరైన బంతి పడ్డప్పుడు లేచినట్టు. కుర్రాడు తన చేతివంక తనే చూసుకున్నాడు.

"గ్లోవుని కొట్టారా?"

"లేదు."

"మరి ఆ చప్పుడు?" జవాబు కోసం ఆగలేదు. చెయ్యి దించి, ముఖానికున్న జాలీ సర్దుకుంటూ, "ఎండ వల్ల," అన్నాడు.

చప్పట్లు మోగాయి. వెయ్యి తలలూ మళ్లీ ఊగాయి.

వెండెల్ గ్లోవు తీశాడు. వేలు వాచింది. గోరు కింద నెత్తురు నల్లగా గూడు కడుతోంది. ఎడమచెయ్యే. ఓరిన్‌ది ఎడమచెయ్యే. మెట్లదాకా నడిచినంతసేపూ అతనికి ఏడుపొచ్చేంత సంతోషంగా ఉంది. అప్పుడు మంగళవారం గుర్తొచ్చింది. అంత ఖాయంగా ఎలా తెలుసు అని డాక్టరు అడిగితే ఏం చెప్పాలో, ఆ మాటలను లోలోపల ఒకసారి అనుకుని చూశాడు. రెండో వాక్యం దగ్గరే ఆగిపోయాడు.

"ఆ వేలేంటి, అలా ఉంది?" అంది లొరెయిన్.

వెండెల్ చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"కారు తలుపు," అన్నాడు.

"చూశావా, నేను చెప్పలా!"

వెండెల్ అవునన్నట్టు తల ఊపాడు. అది ఆగడానికి కాస్త సమయం పట్టింది.