నల్ల కవరులో పుస్తకం

విడవలూరు దగ్గరి చర్చి ఆవరణలో మా కాలేజీ వైద్య శిబిరం పెట్టింది. హౌస్ సర్జన్లం ఇద్దరం, నేనూ గిద్యోనూ. మందుల మోతాదులు చూసుకోవడానికి నాకు ఫోన్‌లో యాప్ ఉంది. గిద్యోను దగ్గర మాత్రం నల్ల జిప్పు కవరులో చిన్న పుస్తకం.

"ఇంకా పుస్తకమేందిరా?" అని దారంతా ఏడిపించాను.

"చార్జింగ్ అయిపోయినాక చెప్తాలే, వినీలా," అన్నాడు.

తీరా చూస్తే జనమంతా గిద్యోను ముందే. ఫోన్ చూసుకునే డాక్టరు ఎవరికి కావాలి? వాడు పుస్తకం తెరవగానే రోగులు బైబిలనుకుని కళ్లు మూసుకుని తల వంచుతున్నారు. మోతాదు చూసి మూయగానే "ఆమెన్" అంటున్నారు. వాడు కాదనడే, దొంగ.

నాకు ఒళ్లు మండింది. వాడి కవరు లాక్కుని, పుస్తకం తీసేసి, నా ఫోన్ అందులో పెట్టాను. దగ్గుతూ వచ్చిన సామ్రాజ్యమ్మకు కనబడకుండా, కవరు ఓరగా తెరిచి వెతుకుతున్నాను.

"దాచుకోబాకమ్మా," అందామె. "మా పాస్టరుగారు గూడా ఫోన్లోనే చదవతారు."

కళ్లు మూసుకుని తల వంచింది.

మోతాదు దొరికింది. కవరు మూసి, ఆమెకన్నా ముందు నేనే "ఆమెన్" అన్నాను.