జరగని కుందేలు

అండాలు టీచర్ పొద్దుగాల లేస్తది, వాకిలి ఊడుస్తది, ఇంత అన్నం వండి డబ్బాల పెట్టుకుంటది, రామన్నపేట బడికి నడుచుకుంట పోతది. పెనిమిటి గుర్వయ్య పోయి రెండేండ్లయింది. ఈ రెండేండ్లల్ల ఆమె ఏడ్వలేదు, నవ్వనూ లేదు. పిల్లలు మంచిగ రాస్తే మంచిగున్నదంటది, తప్పు రాస్తే దిద్దుతది. అంతే.

అసలు ఏమైందో ఊరందరికీ తెలుసు, తెలుసని అనుకుంటరు. ఆ నాడు తెల్లారకముందే మొగడు పెండ్లాలు కొట్లాడిండ్రు. దేనికి కొట్లాడిండ్రో ఇప్పుడు ఆమెకే యాదికి లేదు. "యాడికన్న పో, నా కండ్ల ముందట ఉండకు" అన్నది మాత్రం యాదికున్నది. గుర్వయ్య బండి తీసి తల్లి ఉండే ఆలేరు తొవ్వ పట్టిండు. తొవ్వ సాఫుగ, ఒక్క గుంత లేని జాగల, బండి పోయి తొవ్వ పక్కన మోరి గోడకు గుద్దింది. కావాలనే గుద్దుకున్నడన్నరు జనం. దినాలనాడు తల్లి గోపమ్మ కోడలి మొకం దిక్కు చూడకుండ, "నీ మాటనే చంపింది నా కొడుకును" అని చెప్పి పోయింది. మళ్ల మాట్లాడలేదు. అండాలు కూడ గదే నిజమనుకున్నది. అనుకున్ననాటి నుంచి ఆమెకు ఏదీ అనిపించుడు బందైంది.

ఆ వారం పదో తరగతిల పాఠం, రెండు కవితలు పక్కపక్కన పెట్టి పోల్చుడు. జంతువో పిట్టో ఎదురుపడ్డ సంగతి మీద ఎవరిది వాళ్లు రాసుకొని రమ్మన్నది.

ఆ బడిల కవిత పైకి చదివితే, అందుల ఉన్న జీవి నిజంగ ఎదురుపడ్డదే అయితే, వచ్చి నిలబడతది. పోయినేడు ఒక పిల్ల చదివితే బర్రె వచ్చి తలుపుల ఇరుక్కున్నది. దాన్ని ఎనుకకు తియ్యనీకె గంట పట్టింది. పాముల మీద రాయొద్దని హెడ్మాస్టర్ పరశురాం సారు కట్టడి పెట్టిండు. ఊడ్చే బీరమ్మ మాత్రం, "మీ కవిత్వం పాడుగాను, పెండ ఎవరెత్తాలె?" అని గొణుగుతది.

ముందుగాల మహేష్ లేచిండు. "నిప్పుకండ్ల చిరుతపులీ, గుట్టలేలే దొరా" అని గొంతు పెద్దగ చేసి చదివిండు. తరగతంత తలుపు దిక్కు చూసింది. కొంచెంసేపటికి ఒక బక్క పిల్లి తోక నిక్కబెట్టుకొని వచ్చి, మహేష్ కాలుకు ఒళ్లు రాసుకున్నది. పిల్లలు పొట్టలు పట్టుకొని నవ్విండ్రు.

"గుట్ట మీద మసక మసకగ ఉండె టీచర్. నాకు పెద్దగనే కనబడ్డది."

"పిల్లి మీదనే రాస్తే అయిపోతుండె గద," అన్నది అండాలు.

తర్వాత బుష్రా, ఆటో నడిపే ఖాసిం బిడ్డ. చేతిల కాగితం మడత విప్పలేదు.

"నేను రేపు చదువుత టీచర్."

"రేపు వేరే పాఠమున్నది. చదువు."

బుష్రా కాగితంలకే చూసుకుంట చదివింది.

"తెల్లారనూ లేదు, చీకటీ లేదు,
నడి తొవ్వ మీద కుందేలు.
బండి వచ్చింది. కుందేలు ఉరకలే.
మనిషి దాన్ని చూసిండు, అది మనిషిని చూసింది.
జరుగు బిడ్డా, అన్నడు.
అది జరగలే.
ఆయన జరిగిండు."

బెంచీల నడుమ నుంచి కుందేలు వచ్చింది. అండాలు కాళ్లకాడ ఆగి, చెవులు ఎనుకకు పెట్టి, ఆమె మొకంలకు చూసింది.

అండాలు అలవాటు ప్రకారం బోర్డు మీద నిలువుగీత గీసి, ఒక దిక్కు మహేష్ అని, ఒక దిక్కు బుష్రా అని రాసింది. "తేడా చెప్పుండ్రి."

ముందు బెంచీల వర్షిత లేచింది. "మహేష్ కవితల మనిషే పులిని చూస్తడు టీచర్. బుష్రా కవితల కుందేలు గూడ మనిషిని చూస్తది."

మంచిగ చెప్పినవని అండాలు రాయబోయింది. సగంల చెయ్యి ఆగింది. జరుగు బిడ్డా. కోడిని, మేకను, ఆఖరికి అడ్డమున్న కుర్చీని గూడ గుర్వయ్య గట్లనే అంటుండె. పిల్లలు లేని ఇంట్ల ఆయనకు కనబడ్డదల్లా బిడ్డనే.

"ఈ మనిషి నీకు యాడ కనబడ్డడు?"

బుష్రా ఏడుపు మొదలుపెట్టింది. "ఆలేరు తొవ్వల టీచర్. మా అబ్బ ఆటో టైరు మారుస్తుండె, నేను పక్కన నిలబడ్డ. అంబులెన్సుకు ఫోన్ చేసింది మా అబ్బనే. పోలీసులు సాక్ష్యమని తిప్పుతరని భయపడి, ఎవ్వరికి చెప్పకన్నడు."

"కావాలని గుద్దలేదా?"

"లేదు టీచర్. బ్రేక్ గూడ వేసిండు."

అబద్ధమైతే కుందేలు రాదు. ఆ సంగతి తరగతిల అందరికీ తెలుసు.

"ఈ కాగితం నాకిస్తవా?" అన్నది అండాలు. "మీ అబ్బను భయపడొద్దను. ఫోన్ చేసినందుకు నేను సలాం చెప్పిన్నని చెప్పు."

బడి విడిచినంక ఆమె ఇంటికి పోలేదు. ఆలేరు బస్సెక్కింది. గోపమ్మ వాకిట్ల చాప మీద కూసొని చింతపండుల గింజలు తీస్తాంది. కోడలిని చూసి తల దించుకున్నది. బడి అవతల ఇట్ల అయితదో కాదో అండాలుకు తెల్వదు. ఆ నాడు కండ్లార చూసిన పిల్ల రాసిందని చెప్పి, కాగితం తీసి, నిలబడే చదివింది.

గడ్డివాము ఎనుక నుంచి కుందేలు వచ్చి చింతగింజల కాడ కూసున్నది.

గోపమ్మ దాన్ని చానసేపు చూసింది. "నా కొడుకు గీ దానికోసమా జరిగింది?"

"అవునత్తా."

"చిన్నప్పటి సంది గంతే వాడు," అన్నది ముసలామె. తర్వాత ఆమెకు ఏడుపు ఆగలేదు.

అండాలు చాప మీద కూలబడ్డది. కాలుకు ఎక్కిన తిమ్మిరి విడుస్తుంటే సూదులు గుచ్చినట్టు, ఆమె లోపల ఎక్కడనో మొదలైంది. ఊపిరి తీసుకోనీకె నోరు తెరిచింది.

"ఏమైంది?" అన్నది గోపమ్మ.

"నొస్తాంది అత్తా."

"యాడ?"

అండాలు చూపెట్టలేకపోయింది. గోపమ్మ చింతపండు అంటిన చెయ్యినే ఆమె ఈపు మీద పెట్టింది.

"నొయ్యనియ్యి," అన్నది.

రామన్నపేట దిక్కు పోయే ఆఖరి బస్సు హారన్ కొట్టుకుంట పోయింది. ఇద్దరిల ఎవ్వరూ లేవలేదు.